పెద్ద చక్రాల ముచ్చట

కిందటి నెల ఈ ‘బండీ – బాటా’ శీర్షికలో వానాకాలానికి ముందు బ్రేకులు చూపించుకోవడం గూర్చి వ్రాశాను. సంచిక అందిన మూడో నాటి సాయంకాలం మా మేనల్లుడు మా యింటికి వచ్చాడు. వాడూ బెళ్ళందూరులోనే, మాకు నాలుగు వీధుల అవతల ఉంటాడు. కాఫీ త్రాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరకు జేబులోంచి ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. వాడి జిమ్నీ బండికి నల్లని వెడల్పాటి రిమ్ములు, వాటి మీద లావుపాటి బురద టైర్లు తొడిగితే ఎలా ఉంటుందో దుకాణంవారు తయారుచేసి ఇచ్చిన బొమ్మ అది.

“ఎట్లుంది మామా?” అన్నాడు.

బాగుందనే చెప్పాను. బాగున్నదాన్ని బాగాలేదనడం నాకు చేతకాదు. పెద్ద చక్రాల బండికి ఒక ఠీవి ఉంటుంది. ఆ వయసులో నేనూ దానికి లొంగినవాణ్ణే.

“లక్ష దాటుతుందంట. దుడ్డు సంగతి నేను చూసుకుంటా. అమ్మ మాత్రం, ముందు మామను అడుగు, ఆయన సరేనంటేనే వేయించుకో అనింది.”

అమ్మ అంటే నా చెల్లెలు. పాలమనేరు అవతల పల్లెలో ఉంటుంది. వాడు నెలకొకసారి భార్యాబిడ్డలను ఎక్కించుకొని హోసకోట, కోలారు, ముళబాగిలు మీదుగా వెళ్లి తల్లిని చూసి వస్తాడు. దారి పొడుగునా తారు రోడ్డు. చివర మూడు కిలోమీటర్లు మాత్రం మట్టి బాట. వాన పడితే అది ఎర్ర బురద. పెద్ద టైర్ల కోరిక ఆ మూడు కిలోమీటర్లలో పుట్టింది.

ఈ విషయంలో చెల్లెలు నన్నే ఎందుకు అడగమన్నదో నాకు తెలుసు, వాడికి తెలియదు. ఆ సంగతి చివర చెబుతాను. మన సంఘం కుటుంబాలలో ఇటువంటి బండ్లు ఇప్పుడు తక్కువేమీ లేవు. క్రొత్త థార్ 2020లో వచ్చింది, అయిదు తలుపుల జిమ్నీ 2023లో వచ్చింది, గూర్ఖా బండ్లూ అక్కడక్కడా కనబడుతున్నవి. కనుక ఒక యింటి ముచ్చటే అయినా పది యిండ్లకు పనికివస్తుందని, ఆ సాయంకాలం మేము మాట్లాడుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

టైరు ప్రక్కన అచ్చువేసి ఉండే అంకెలు చదవకుండా టైరు కొనడం, ఊరూ పేరూ కనుక్కోకుండా సంబంధం ఖాయం చేసుకోవడం వంటిది. మావాడి బండికి కంపెనీవారు ఇచ్చిన టైరు 195/80 ఆర్ 15. ఇందులో 195 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులని, అనగా 156 మిల్లీమీటర్లు. ‘ఆర్’ అంటే రేడియల్ టైరు. 15 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాలలో. అది 381 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైనా క్రిందా రెండు ప్రక్కగోడలు కలిపితే చక్రం మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లని తేలుతుంది.

దుకాణంవారు చెప్పిన టైరు 235/75 ఆర్ 15. అదే లెక్క వేస్తే దాని ఎత్తు సుమారు 733 మిల్లీమీటర్లు.

“నలభై మిల్లీమీటర్లు ఎక్కువ మామా! బండి అంత పైకి లేస్తుంది కదా,” అన్నాడు.

అక్కడే చాలామంది పొరబడతారు. చక్రం ఎత్తు నలభై పెరిగితే బండి నలభై లేవదు. ఇరుసు ఉండేది చక్రానికి నడుమ. కాబట్టి లేచేది అందులో సగం, ఇరవై మిల్లీమీటర్లు మాత్రమే. అంటే బొటనవ్రేలి వెడల్పు. లక్ష రూపాయలు పోసి కొనుక్కొనేది, నేలకూ బండి అడుగుకూ మధ్య ఒక బొటనవ్రేలు. అది దండగ అని నేను అనను. రాళ్ల బాటలో ఒక్కొక్కప్పుడు ఆ బొటనవ్రేలే ఇరుసును కాపాడుతుంది. కాని దానికి మనం ఏమేమి ఇచ్చుకుంటున్నామో కూడా చూడవద్దూ?

మొదట ఇచ్చుకొనేది లాగుడు. చక్రం పెద్దదైనకొద్దీ ఇంజనుకు మీట పొడుగైనట్టు లెక్క. 693 నుంచి 733కు పోతే నేల మీద లాగే బలం నూటికి అయిదున్నర వంతులు తగ్గుతుంది. బురదలో, ఎత్తులో మనకు కావలసింది ఆ మెల్లని లాగుడే. బురదకోసమని చక్రం పెంచి, బురదలో అవసరమయ్యే బలాన్ని తగ్గించుకోవడం ఒక విచిత్రం.

రెండవది బ్రేకు. బ్రేకు డిస్కు పాతదే, చక్రం మాత్రం పెద్దది. అదే కాలితో అంతే బలంగా తొక్కితే నేల మీద పట్టే బలం ఇదివరకటి కంటే తక్కువ. పైగా టైరూ రిమ్మూ బరువెక్కుతవి. గిరగిర తిరిగే బరువును ఆపడం, ఊరికే మోసే బరువును ఆపడం కన్న కష్టం. నెమ్మదిగా పోయినంతసేపు ఇది తెలియదు. ఔటర్ రింగు రోడ్డు మీద ముందు పోయే బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు తెలుస్తుంది.

మూడవది వేగం చూపే ముల్లు. బండి తన చక్రం 693 అనే అనుకుంటూ ఉంటుంది. ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు అసలు వేగం, క్రొత్త చక్రాలతో, నూటికి ఆరు వంతుల చొప్పున పెరుగుతుంది. ఇప్పటి బండ్లలో జారకుండా కాపాడే ఏర్పాట్లు కూడా చక్రాల తిరుగుడు లెక్క మీదనే పనిచేస్తవి. ఆ లెక్కను తప్పుదారి పట్టించడం అంత మంచిది కాదు. అందుకే తెలిసినవాళ్లు చక్రం మొత్తం ఎత్తులో తేడా నూటికి మూడు వంతులు దాటనివ్వరు. మావాడి 235 టైరు దగ్గర తేడా దాదాపు ఆరు వంతులు.

“థార్ వాళ్లు అంత పెద్ద చక్రాలు వేసుకుంటున్నారు కదా?” అని అడిగాడు.

మంచి ప్రశ్న. 2020 థార్‌నే తీసుకొందాం. కంపెనీవారే దానికి రెండు కొలతల టైర్లు ఇచ్చారు. చవక రకానికి 245/75 ఆర్ 16, పై రకానికి 255/65 ఆర్ 18. చూడబోతే పదహారు ఎక్కడ, పద్దెనిమిది ఎక్కడ అనిపిస్తుంది. లెక్కవేస్తే మొదటిదాని ఎత్తు 774, రెండవదాని ఎత్తు 789. తేడా పదిహేను మిల్లీమీటర్లు, నూటికి రెండు వంతులైనా లేదు. రిమ్ము రెండు అంగుళాలు పెరిగినా, ప్రక్కగోడను ఆ మేరకు తగ్గించి మొత్తం ఎత్తును దాదాపు కదలనీయలేదన్నమాట. ఇంజనీర్లూ, పరీక్షించే బాటలూ అన్నీ దగ్గర పెట్టుకొన్నవాళ్లే రెండు వంతులు దాటలేదు. మనం వీధి చివర దుకాణంలో అరగంటలో ఆరు వంతులు దాటేస్తే ఎట్లా?

ఇందులో ఇంకొక సంగతి ఉన్నది. మట్టి బాటకు ఆ రెండింటిలో మెరుగైనది చిన్న రిమ్ముదే. రిమ్ము చిన్నదైతే ప్రక్కగోడ ఎత్తుగా ఉంటుంది. రాయి తగిలినప్పుడు నొక్కుకొని లేచే మెత్తదనం ఆ గోడలోనే ఉన్నది. పెద్ద రిమ్ముకు సన్నని టైరు తొడిగితే చూపుకు జోరుగా ఉంటుంది గాని, గుంతలో పడ్డప్పుడు దెబ్బ రిమ్ముకే తగులుతుంది. వెనుకటి జీపును చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఎడారులూ, అడవులూ తిరిగిన విల్లీస్ జీపు టైరు 6.00–16. అంటే వెడల్పు ఆరంగుళాలే! 1947లో మహీంద్రావారు మన దేశంలో ఆ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తరువాత ఎన్నో ఏళ్లపాటు మన పల్లెల బాటలన్నీ ఆ సన్నటి చక్రాలతోనే తిరిగినవి. అంతకు ముందు ఎద్దుల బండి చక్రం కూడా ఎత్తుగా, సన్నగా ఉండేది. పైన మెత్తని బురద, క్రింద గట్టి నేల ఉన్నచోట సన్నటి చక్రం బురదను చీల్చుకొని గట్టి నేలను పట్టుకుంటుంది. వెడల్పు చక్రం పైననే తేలుతూ జారుతుంది. వెడల్పు పనికివచ్చేది అడుగు దొరకని ఇసుకలో.

ఇక రిమ్ముల మాట. రిమ్ము కొనేటప్పుడు రంగు చూసే ముందు నాలుగు చూడాలి.

ఒకటి, బోల్టుల వలయం. జిమ్నీకి అయిదు బోల్టులు, వాటి వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు. అది సరిగ్గా అయిదున్నర అంగుళాలు, పాత విల్లీస్ జీపు కొలత కూడా అదే! అంతమాత్రాన ఆ రిమ్ము దీనికి సరిపోతుందని అనుకోరాదు. ఎందుకంటే రెండవది, నడిమి రంధ్రం, అది హబ్బుకు సరిగ్గా కూర్చోవాలి. వదులుగా ఉంటే బరువంతా బోల్టుల మీద పడి, వేగంలో స్టీరింగు వణుకుతుంది. మూడవది రిమ్ము వెడల్పు. ప్రతి టైరుకూ ఇంత నుంచి ఇంత వెడల్పు రిమ్మే వేయాలని టైరు కంపెనీ పట్టిక ఉంటుంది. ఆ పట్టిక చూపించమని దుకాణంలో అడగండి. చూపించలేకపోతే ప్రక్క దుకాణానికి వెళ్లండి.

నాలుగవది ఆఫ్‌సెట్. దీన్నే అందరూ మరచిపోతారు. రిమ్ము వెడల్పుకు నడుమ ఒక గీత గీసినట్టు అనుకోండి. హబ్బుకు ఆనే ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నదన్నదే ఆఫ్‌సెట్. ఆ ముఖం లోపలి వైపుకు జరిగితే చక్రం బయటికి వస్తుంది. చక్రం మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకు వస్తే బండి వెడల్పుగా కనబడుతుంది, కుర్రవాళ్లకు కావలసింది అదే. కాని బేరింగు మీద బరువు ప్రక్కకు లాగుతుంది, స్టీరింగు గుంతగుంతకూ చేతిని గుంజుతుంది, వానలో చక్రం చిమ్మే బురద వెనుక వచ్చే స్కూటరువాడి ముఖాన పడుతుంది. అన్నిటికంటె ముఖ్యం, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు అంచుకు తగిలే ప్రమాదం. స్పేసరు పలకలు వేసి చక్రాన్ని బయటికి తోయడం కూడా ఈ కోవలోనిదే.

ఇనుప రిమ్మా, అల్లాయి రిమ్మా అన్నది కూడా అడిగాడు. అల్లాయి సాధారణంగా తేలిక, చూడ ముచ్చట. ఇనుము బరువు. కాని రాతి దెబ్బ తగిలితే ఇనుము వంగుతుంది, అల్లాయి పగలవచ్చు. వంగినదాన్ని పాలమనేరులో సుత్తి పెట్టి సరిచేయించుకొని ఇల్లు చేరవచ్చు. పగిలినదానికి ఎక్కడా మందు లేదు.

టైరు నమూనాలోనూ మూడు తెగలు. తారు రోడ్డు టైరు, రెండు బాటలకూ పనికివచ్చే ఆల్ టెరైన్ టైరు, పెద్ద పెద్ద గుండీలు ఉండే బురద టైరు. బురద టైరు గుండీల మధ్య సందు ఎక్కువ. బురదను విదిలించుకోవడానికి ఆ సందు కావాలి. కాని తడిసిన తారు మీద ఆ సందు మేరకు రబ్బరు నేలను తాకదు, పట్టు తగ్గుతుంది. పైగా వేగంలో హోరు పుడుతుంది. నెలలో ఆరు కిలోమీటర్లు బురద, వందల కిలోమీటర్లు తారు తిరిగేవాడికి ఏది తగునో లెక్క అడగనక్కరలేదు.

కొలత తరువాత ఇంకొక అంకె, ఒక అక్షరం ఉంటవి. 96 ఎస్ అని ఉంటే ఆ టైరు ఒక్కొక్కటీ 710 కిలోలు మోయగలదనీ, గంటకు 180 కిలోమీటర్ల వరకు తట్టుకోగలదనీ అర్థం. కంపెనీ ఇచ్చిన టైరు కంటె ఈ అంకె తక్కువైనది ఎంత అందంగా ఉన్నా తీసుకోరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. తయారైన కాలం నాలుగు అంకెలలో ఉంటుంది. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. మన తెలుగు నేల మీదే సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్లు తయారవుతున్నవి. చిన్నపండూరులో అపోలోవారు 2020 నుంచీ, అచ్యుతాపురంలో యోకొహామావారు 2022 నుంచీ తయారుచేస్తున్నారు. అచ్యుతాపురంలో మొదట తయారైనవి ట్రాక్టర్లకూ, మట్టి పనుల యంత్రాలకూ వేసే రకాలు. ఇంత దగ్గర తయారైనదే అయినా దుకాణం అటక మీద మూడేళ్లు ఎండిన టైరు క్రొత్త టైరు కాదు. ఆ నాలుగు అంకెలు చూసి మరీ కొనండి.

“అయితే పల్లెలో బురదకు ఏం చేయమంటావు మామా?” అన్నాడు, కొంచెం విసుగ్గానే.

గాలి తీయమన్నాను.

వాడు నవ్వాడు. నవ్వులాట కాదు. తారు రోడ్డు మీద కంపెనీ చెప్పినంత గాలి ఉండాలి. మట్టి బాట మొదలయ్యేచోట ఆగి, నాలుగు టైర్లలోనూ గాలిని పద్దెనిమిది, ఇరవై పౌండ్లకు దింపితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. టైరు మార్చకుండానే పట్టు పెరుగుతుంది, గతుకులు మెత్తబడతవి. ఖర్చు సున్న. కాని రెండు షరతులు. గాలి తగ్గించినంతసేపు నెమ్మదిగా పోవాలి, స్టీరింగు ఒక్కసారిగా కోయరాదు. కోస్తే టైరు రిమ్మునుంచి ఊడిరావచ్చు. తిరిగి తారు ఎక్కే ముందు గాలి నింపి తీరాలి. తక్కువ గాలితో వేగంగా పోతే ప్రక్కగోడ వేడెక్కి పగులుతుంది. దీనికి కావలసింది గాలి కొలిచే గేజి ఒకటి, బండి కరెంటుతో నడిచే చిన్న పంపు ఒకటి. లక్ష రూపాయల రిమ్ముల ముందు వాటి ఖరీదు ఎంత!

“సరే, 2022 మాదిరి వాన మళ్లా వస్తే? అప్పుడు పెద్ద చక్రాలుంటే మేలు కదా?” అని ఆఖరి బాణం వేశాడు.

ఆ సెప్టెంబరు మొదటి వారం బెళ్ళందూరువాళ్లం ఎవరం మరువలేదు. రింగు రోడ్డు చెరువైపోయింది. సర్జాపురం రోడ్డు ప్రక్క లేఅవుట్లలో కార్లు మునిగినవి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు ట్రాక్టర్లెక్కి వెళ్లారు. అయితే నీటిలో ఇంజనును ముంచేది చక్రం కాదు, గాలి పీల్చుకొనే గొట్టం. ఆ గొట్టం నోటికి నీరందితే ఇంజను పని సరి. పెద్ద చక్రం ఆ నోటిని లేపేది మనం ఇందాక లెక్క వేసిన బొటనవ్రేలు మేరకే. థార్ కంపెనీవారు తమ బండి నీటిలో పోగలిగే లోతు 650 మిల్లీమీటర్లని చెప్పారు. చక్రాలు మార్చినంత మాత్రాన ఆ అంకెను మనం పెంచుకోవడానికి వీలులేదు. పైగా వెడల్పు టైరు నీటిలో తేలే గుణం కలది, ప్రవాహం ఉంటే బండి పట్టు తప్పుతుంది. నీటిక్రింద మూత లేని మురుగు గుంత ఉన్నదో లేదో ఏ టైరుకు తెలుస్తుంది? మునిగిన వీధిలోకి వెళ్లకుండా ఇంట్లో ఉండడమే మేలు.

చట్టం మాట కూడా చెప్పవలసి ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నమయ్యేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను గట్టిగా నిలబెట్టింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం, చట్టం ఒప్పని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జుర్మానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. జుర్మానా కంటె పెద్ద భయం మరొకటి. ప్రమాదం జరిగిననాడు భీమా కంపెనీవారు చక్రాలవైపు వేలు చూపితే మన దగ్గర జవాబు ఉండదు. మీ బండి పై రకానికి కంపెనీయే ఇచ్చిన కొలత ఏదైనా ఉంటే, ఆ మేరకు మారడం క్షేమం. అది కూడా ముందు కంపెనీ సర్వీసువారిని అడిగి వ్రాయించుకోండి.

ఇదంతా విన్నాక మావాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “నువ్వు భయపెడుతున్నావు మామా. అందరూ వేసుకుంటున్నారు, ఎవరికేమయింది?” అన్నాడు.

అప్పుడు చెప్పక తప్పలేదు.

1986లో నా దగ్గర ఒక పాత జీపు ఉండేది. దాని సన్నటి చక్రాలు నాకు నామోషీగా తోచి, ఊళ్లో ఒక దుకాణంలో వెడల్పు రిమ్ములు, రెండంగుళాలు ఎక్కువ వెడల్పున్న టైర్లు వేయించాను. చక్రాలు మడ్‌గార్డు దాటి బయటికి వచ్చినవి. వీధిలో నలుగురూ ఆగి చూశారు. ఆ ఆదివారమే చెల్లెలినీ, మా అమ్మనూ, చెల్లెలి పదకొండు నెలల పిల్లవాణ్ణీ ఎక్కించుకొని మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండకు బయలుదేరాను. మా అమ్మ దాన్ని ఏనుగుమల్లమ్మ కొండ అనే అనేది.

మైదానంలో బండి మహారాజులా పోయింది. ఘాట్ ఎక్కేటప్పుడు, మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర గరగరమని చప్పుడు. బండి నిండా మనుషులు. స్ప్రింగు నొక్కుకొని మడ్‌గార్డు అంచు టైరు మీదికి దిగుతున్నది. చప్పుడు నేను విన్నాను. చెల్లెలు కూడా విని, “ఏందన్నా అది?” అని అడిగింది. క్రొత్త టైర్లు అలానే ఉంటవి అన్నాను. రాత్రి కొండ మీద ఉన్నాం. తెల్లవారి దిగేముందైనా వంగి చూశానా? లేదు.

దిగేటప్పుడు మూడో మలుపులో ఎడమవైపు ముందు టైరు పేలింది. ఎక్కేటప్పుడు కోసుకుపోయిన ప్రక్కగోడ ఆ వేడికీ బరువుకూ తెగింది. స్టీరింగు నా చేతుల్లోంచి లాగేసుకొని బండి కొండ గట్టుకు గుద్దుకొని నిలిచింది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. ఎడమ చక్రం పేలింది కాబట్టి బండి ఎడమకు లాగింది. కుడి చక్రం పేలి ఉంటే ఈ శీర్షిక వ్రాసేవాడూ లేడు, బొమ్మ చూపించేవాడూ లేడు. చెల్లెలు పిల్లవాణ్ణి రెండు చేతులా కావిలించుకొన్నదే గాని దేన్నీ పట్టుకోలేదు. దానివల్ల ఆమె మోచెయ్యి ఇనుప చట్రానికి తగిలి చీరుకుపోయింది. పిల్లవాడికి గీత కూడా పడలేదు. ఇంటికి వచ్చాక మా బావగారితో పంక్చరయిందని చెప్పింది. చెయ్యి సంగతి అడిగితే మెట్టు మీద జారిపడ్డానన్నది. నా మాట పోకుండా నాడు కప్పిపుచ్చినది, ఈనాటి వరకు నోరు విప్పలేదు.

“ఆ పిల్లోడు నువ్వే,” అన్నాను.

మావాడు ఫోను బొమ్మను అలాగే చూస్తూ కూర్చున్నాడు. తరువాత, “అమ్మ చేతి మీద ఆ మచ్చ... నేను చిన్నప్పుడు అడిగితే మెట్లమీద పడినాననింది,” అన్నాడు. ఇంకేమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు.

రెండు వారాలకు ఫోను చేశాడు. రిమ్ములు పాతవే ఉంచుకొన్నాడట. పాత కొలతలోనే, 195/80 ఆర్ 15లోనే, రెండు బాటలకూ పనికివచ్చే ఆల్ టెరైన్ టైర్లు చెప్పి తెప్పించుకొన్నాడట. బిగించినరోజు దుకాణంలోనే వెనుక సీటులో మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగు రెండు వైపులా చివరంటా తిప్పి, వంగి నాలుగు చక్రాలూ చూశాడట. ఒక గేజీ, ఒక పంపూ కొన్నాడు. వెనుక తలుపుకు వేలాడే స్టెప్నీని తన భార్య కూడా దింపి ఎక్కించగలదా అని ఒకసారి ఇద్దరూ చేసి చూశారట. ఆ మాట నాకు అన్నిటికంటె నచ్చింది. చక్రం ఎంత బరువైతే ఆపదలో దాన్ని ఎత్తే చేతికి అంత కష్టం. పెద్ద చక్రాల బొమ్మలలో ఆ చెయ్యి కనబడదు.

అడిగినవారికి నేను ఇచ్చే సలహా పొట్టిగా ఇది. ముందు మీ దారిని కొలవండి, తరువాత చక్రాన్ని కొలవండి. నెలకు తారు ఎంత, మట్టి ఎంత వ్రాసుకోండి. మొత్తం ఎత్తు తేడా నూటికి మూడు వంతులు దాటవద్దు. కంపెనీ ఇచ్చిన కొలతకే కట్టుబడితే మరీ మంచిది. బరువు మోసే అంకె తగ్గవద్దు. చక్రం మడ్‌గార్డు దాటవద్దు. బిగించాక నిండు బరువుతో స్టీరింగు పూర్తిగా తిప్పి చూడండి. చప్పుడు వినబడితే, ఏ పని ఉన్నా ఆగి, దిగి, వంగి చూడండి. గాలి గేజి బండిలోనే ఉంచండి.

మొన్న వానకు మావాడు పల్లెకు వెళ్లివచ్చాడు. బాట మొదట్లో గాలి తీసి, మూడు కిలోమీటర్లూ ఎక్కడా ఆగకుండా పోయాడట. ఆ రాత్రి చెల్లెలు నాకు ఫోను చేసింది.

“చెప్పినావా అన్నా?”

“చెప్పినాను.”

“వచ్చీ రాగానే నా చెయ్యి పట్టుకొని చూసినాడు. నేను ఏమీ అనలేదు. అన్నం పెట్టినాను,” అన్నది.

వచ్చే నెల ఈ శీర్షికలో హెడ్‌లైట్ల గూర్చి వ్రాస్తాను. ఎదుటివాళ్ల కళ్లు పోగొట్టే తెల్లని దీపాలు మన యిండ్లలో ఎవరెవరు పెట్టించుకొన్నారో, ఆలోగా ఒకసారి చూసుకోండి.